ఫోన్ చూస్తోందా, నవల రాస్తోందా?

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు, పదకొండో తరగతి. ఏడాది నుంచి ఒక నవల రాస్తోంది. తన వయసు పిల్లలు, ఇన్‌స్టాగ్రామ్, అక్కడి అలకలు, గొడవలు, ఇదీ కథ. యంగ్ అడల్ట్ నవలలు రాసే రచయిత్రిని అవుతానని, డిగ్రీలో సాహిత్యమే తీసుకుంటానని పట్టుబడుతోంది. గంటల తరబడి ఫోన్ చూస్తున్నావేమిటంటే ‘రీసెర్చ్’ అంటుంది. అసలు ఇది కెరీర్ అవుతుందా? ఏం చదివించాలి? రాస్తే రాసింది, ఫోన్ వల్ల పిల్లలకు జరిగే నష్టాలైనా అందులో చెప్పమంటే నా మీదే కోప్పడుతోంది.

జవాబు: అమ్మా, మీ చివరి మాట నుంచి మొదలుపెడతాను. ఆ విషయంలో మీ అమ్మాయిదే రైటు. ఫోన్ నష్టాల గురించి చెప్పే నవలని పదహారేళ్ల పిల్లలు కొనరు. పెద్దవాళ్లు కొని వాళ్ల చేతిలో పెడతారు, అది బల్ల మీదే ఉండిపోతుంది. యంగ్ అడల్ట్ అంటే స్థూలంగా 12 నుంచి 18 ఏళ్ల వాళ్ల కోసం రాసేది. ఆ వయసు వాళ్లకి హితబోధ వాసన మొదటి పేజీలోనే తగులుతుంది. పైగా ఈ పుస్తకాలు కొనేది పిల్లలొక్కరే కాదు. 2012లో పుస్తకాల అమ్మకాల లెక్కలు చూసే బౌకర్ అనే సంస్థ అమెరికాలో లెక్క తీస్తే కొన్నవాళ్లలో 55 శాతం మంది 18 ఏళ్లు దాటినవాళ్లే. వాళ్లూ పాఠం కోసం కొనలేదు.

ఇక కెరీర్ సంగతి. పదహారేళ్ల పిల్ల నవల రాయడం వింతేమీ కాదు. టీనేజ్ నవలకి ఒక రూపం ఇచ్చిన ‘ది అవుట్‌సైడర్స్’ని అమెరికా రచయిత్రి ఎస్.ఇ. హింటన్ హైస్కూల్లో ఉండగానే రాసింది. 1967లో అది అచ్చయ్యేనాటికి ఆమెకి 18 ఏళ్లు. అందరూ ఇక్కడితో ఆపేస్తారు, నేను ఆ తర్వాత జరిగింది కూడా చెబుతాను. అంత పేరు వచ్చాక ఆమెకి కలం కదలలేదు. చివరికి రోజుకి రెండే రెండు పేజీలు అని నియమం పెట్టుకుని రెండో నవల పూర్తిచేసింది. అది 1971లో వచ్చింది. ఈలోగా డిగ్రీ చదివింది. మన కాలానికి వస్తే, బెత్ రీకిల్స్ 15 ఏళ్ల వయసులో వాట్‌ప్యాడ్ అనే కథల వెబ్‌సైట్‌లో పెట్టిన కథ పుస్తకమైంది, 2018లో నెట్‌ఫ్లిక్స్ సినిమా కూడా అయింది. ఆ అమ్మాయి విశ్వవిద్యాలయంలో చదివింది భౌతికశాస్త్రం.

డబ్బు గురించి దాచకుండా చెబుతాను. ఇంగ్లిష్ పెద్ద ప్రచురణ సంస్థలు పేపర్‌బ్యాక్ మీద రచయితకి రాయల్టీగా ఇచ్చేది సాధారణంగా పుస్తకం ధరలో 6 నుంచి 8 శాతం. రాతప్రతిని ప్రచురణకర్తకి అమ్మిపెట్టే ఏజెంటు ఉంటే అందులో 15 శాతం ఆయనకి పోతుంది. ముందుగా ఇచ్చే అడ్వాన్సు కూడా అదనపు సొమ్ము కాదు, రాబోయే రాయల్టీలోంచి తెచ్చి ఇచ్చిందే. కాబట్టి నవలలొక్కటే జీవనాధారం అనుకుంటే అది కొద్దిమందికే, అదీ చాలా పుస్తకాల తర్వాతే సాధ్యమవుతుంది. పక్కన ఇంకో సంపాదన పెట్టుకుని రాస్తే మాత్రం ఇది నిక్షేపంలా నడిచే బతుకే. ప్రపంచంలో ఎక్కువమంది రచయితలు అలాగే బతుకుతున్నారు.

ఇక్కడి నుంచి కాసేపు అమ్మాయితో మాట్లాడతాను. ఈ భాగం తనని చదవమనండి.

తల్లీ, పెద్ద రచయితల దగ్గర లేని సరుకు ఒకటి నీ దగ్గరుంది. ముప్పై ఏళ్లావిడ పదహారేళ్ల మనసు గురించి రాయాలంటే గుర్తు తెచ్చుకోవాలి. నువ్వు అందులోనే ఉన్నావు. కానీ ఆ సరుకు నిలవుండదు. రెండేళ్లు గడిస్తే ఇవాళ్టి ఏడుపు నీకే నవ్వులాట అనిపిస్తుంది, ఆ నవ్వుతో రాస్తే కథ చెడుతుంది. అందుకే నవల కంటే ముందు ఒక నోట్‌బుక్ పెట్టు. నీలం టిక్కులు పడ్డాక నలభై నిమిషాలు జవాబు రాకపోతే కడుపులో ఏమవుతుందో అప్పుడే రాసిపెట్టు. అవతలి మనిషి టైప్ చేస్తున్నట్టు చుక్కలు కదిలి, ఆగి, మళ్లీ కదిలి, చివరికి ఏమీ రాకపోవడం ఉంది చూడు, అది ఏ పెద్దవాళ్లూ సరిగ్గా రాయలేదు. క్లోజ్ ఫ్రెండ్స్ లిస్టులోంచి నిన్ను తీసేశామని ఎవరూ చెప్పరు. రోజూ కనిపించే ఆకుపచ్చ వలయం ఇవాళ కనిపించదు, అంతే. ఆరుగురున్న గ్రూపు పక్కన ఐదుగురితో ఇంకో గ్రూపు నడుస్తోందని ఎవరో పొరపాటున పంపిన స్క్రీన్‌షాట్‌లో తెలుస్తుంది. నవలకి ఆ ఒక్క ముక్క చాలు.

యాప్ పేరు మీద మాత్రం కథ కట్టకు. వైన్ (Vine) అనే చిన్న వీడియోల యాప్ 2013 జనవరిలో వచ్చింది, 2017 జనవరికి మూతబడింది. మధ్యలో దాని మీద నవల మొదలుపెట్టినవాళ్ల పని ఏమై ఉంటుందో ఊహించు. రాయడానికి ఏడాదో రెండేళ్లో, ప్రచురణకర్త సరేనన్నాక పుస్తకం బయటికి రావడానికి మరో ఏడాదిన్నర, రెండేళ్లు. నువ్వు ఇవాళ రాసే మాట చదివేది ఇప్పుడు పన్నెండేళ్లున్న పిల్ల. కొందరు ఈ చిక్కు తప్పించుకోవడానికి ఉత్తుత్తి యాప్ ఒకటి సృష్టిస్తారు. నాకు అది నచ్చదు, నాటకంలో అట్ట కిరీటంలా ఉంటుంది. ‘స్టోరీ పెట్టింది’, ‘గ్రూపులోంచి తీసేశారు’ అంటే చాలు, పేరు అక్కర్లేదు.

ఇంకో పెద్ద చిక్కు, ఫోన్ చూడటం సీను కాదు. మంచం మీద పడుకుని స్క్రీన్ జరుపుకుంటున్న అమ్మాయిని పది పేజీలు చూపిస్తే పాఠకుడికి ఏమీ జరగలేదు. విషయం తెలిసిన క్షణంలో ఆమె ఎక్కడుందో, పక్కన ఎవరున్నారో చూడు. ఆ ఐదుగురి గ్రూపు సంగతి బస్సులో తెలిసింది అనుకో. ఆ ఐదుగురిలో ఒకత్తె పక్క సీట్లోనే కూర్చుని, ఇయర్‌ఫోన్ ఒకటి నీ నాయిక చెవిలో పెట్టి పాట వినిపిస్తోంది. దిగేదాకా మొహం మామూలుగా పెట్టుకోవాలి. సీను అక్కడుంది, ఫోన్‌లో కాదు.

చాట్‌లు పేజీల కొద్దీ దించకు. నిజం చాట్‌లో ముప్పాతిక మువ్వీసం ‘హా’, ‘సరే’, నవ్వు బొమ్మలే. నాలుగైదు లైన్లు, అవీ కథని ముందుకి నెట్టేవి ఉంచు. పంపకుండా చెరిపేసిన మెసేజ్ ఒకటి, పంపిన వాటికన్నా ఎక్కువ చెబుతుంది. అన్నట్టు, స్నేహితుల మెసేజ్‌లు ఉన్నదున్నట్టు వాడొద్దు. పేరు మార్చినా క్లాసంతా పోల్చేస్తుంది, తర్వాత నీ దగ్గర ఎవరూ నోరు విప్పరు. ఎవరు రాసిన మెసేజ్ మీద వాళ్లకే హక్కు ఉంటుందన్న చట్టం సంగతి సరేసరి. ముగ్గురిని కలిపి ఒక పాత్ర చెయ్యి, గొడవకి కారణం మార్చు.

మళ్లీ మీ దగ్గరికి వస్తానమ్మా. డిగ్రీలో సాహిత్యం చదవకూడదని నేను అనను, కానీ అదొక్కటే దారి కాదు. సైకాలజీ, సోషియాలజీ, జర్నలిజం ఏదైనా ఈ రకం రాతకి పనికొస్తుంది. సైన్స్ ఇష్టమైతే సైన్సే చదవనివ్వండి. రచన నేర్పే కోర్సులు లేకపోలేదు, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో 1936 నుంచి రచయితల వర్క్‌షాప్ నడుస్తోంది. అయితే రాతప్రతి చేతికొచ్చినప్పుడు పట్టా ఉందా అని ఏ ఎడిటరూ అడగడు. అప్పు చేసి అలాంటి కోర్సులో చేర్చొద్దు. రాత తెలిసినవాళ్లకి జీతం దొరికే పనులు చుట్టుపక్కల చాలా ఉన్నాయి. పిల్లల పుస్తకాల ఎడిటింగ్, వెబ్‌సిరీస్ స్క్రిప్టులు, వీడియో గేముల్లో పాత్రల సంభాషణలు, యాప్‌లలో బటన్ల మీద కనిపించే చిన్న చిన్న మాటలు రాయడం. ఈ చివరిది చాలామందికి ఉద్యోగమని కూడా తెలియదు.

డిగ్రీ ఏదో ఇవాళే తేల్చక్కర్లేదు. ముందు నవల పూర్తవనివ్వండి. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో మొదటి మూడు అధ్యాయాలు అద్భుతంగా రాసి ఆగిపోయినవాళ్లే ఎక్కువ. ఈ తరహా నవల ఇంగ్లిష్‌లో 50 వేల నుంచి 80 వేల మాటలు ఉంటుంది. రోజుకి 300 మాటలు రాస్తే ఆరు నెలల్లో 54 వేలు. ఆ తర్వాత నెలరోజులు పక్కన పడేసి, మళ్లీ తీసి, సగం కొట్టేసి తిరగరాయగలిగితే అప్పుడు సీరియస్‌గా మాట్లాడుకుందాం.

ఆన్‌లైన్‌లో పెడతానంటే కొన్ని అధ్యాయాలు పెట్టనివ్వండి, పాఠకుల మాటలు పనికొస్తాయి. మొత్తం పెడితే మాత్రం ‘ఇది ఇప్పటికే ప్రచురితమైంది’ అని కొందరు ప్రచురణకర్తలు వెనకాడతారు. ఒప్పందం దాకా వస్తే, తనకి 18 నిండేదాకా సంతకం మీరే చేయాల్సి ఉంటుంది, ప్రతి లైనూ చదవండి. పుస్తకం వేస్తాం, మీరే ఇంత కట్టండి అని ఎవరైనా అంటే అది ప్రింటింగ్ బేరం, దాన్ని కెరీర్‌కి మొదటి మెట్టు అనుకోకండి.

ఇక ఆ ‘రీసెర్చ్’. ఫోన్ లాక్కోకండి. పక్కన నోట్‌బుక్ ఉందో లేదో చూడండి. నిజంగా రీసెర్చే అయితే రోజుకి నాలుగు వాక్యాలైనా అందులో పడతాయి. వారం రోజులుగా అది తెల్లగానే ఉంటే నిలదీసే హక్కు మీకుంది. రాసి ఉంటే మాత్రం తెరిచి చదవకండి. ఫోన్ గురించి సతాయించే తల్లి పాత్ర ఒకటి అందులో ఉండే ఉంటుంది.