పైపులో పంపిన లెక్క ఎటు పోయింది?

ప్రశ్న: సార్, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా లెక్కలు నేనే చూస్తా. సీజన్‌లో తోతాపురి ట్రాక్టర్లు క్యూ కట్టేస్తాయి, రాత్రికి రైతువారీగా టోటల్ తీయాలి. అందుకని బ్యాష్‌లో (కమాండ్లు నడిపే షెల్ ప్రోగ్రాం) స్క్రిప్టు రాసుకున్నా. కాటా చీటీల ఫైలులోంచి ఆక్ అనే కమాండుతో రెండు కాలమ్స్ తీసి, అదే స్క్రిప్టులో హియర్‌డాక్‌గా (ఈవోఎఫ్ అనే రెండు గుర్తుల మధ్య) పెట్టిన పైథాన్ కోడుకు పైపులో (ఒక కమాండు ఇచ్చింది ఇంకో కమాండుకు అందించే గుర్తు) పంపిస్తున్నా. కిలో రేటును డాలర్ గుర్తు పెట్టి కోడు మధ్యలోకే తెచ్చుకుంటున్నా. ఎర్రర్ ఏదీ రాదు, టోటల్ మాత్రం సున్నా! రెండు రోజులుగా ఇదే టెన్షన్.
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: ఆక్ తప్పేం లేదండీ, పైథాన్‌దీ లేదు. పైథాన్‌కు స్టాండర్డ్ ఇన్‌పుట్, అంటే బయటి నుంచి డేటా అందుకునే దారి, ఒక్కటే. ఒకే కమాండుకు మీరు పైపూ పెట్టి హియర్‌డాకూ పెడితే, బ్యాష్ ముందు పైపు తగిలించి, వెంటనే దాన్ని పీకేసి హియర్‌డాక్ తగిలిస్తుంది. కాబట్టి లోపలికి వెళ్లింది మీ కోడు మాత్రమే, అది చదవడం పూర్తయ్యేసరికి ఇన్‌పుట్టూ అయిపోయింది, ఇక లూప్ ఒక్కసారి కూడా తిరగలేదు. ఖాళీ ఇన్‌పుట్ పైథాన్‌కు తప్పేమీ కాదు, అందుకే కిక్కురుమనకుండా సున్నా ఇచ్చి ఊరుకుంది.

పైపు తీసేయండి. పైథాన్3 అని రాసి, ఒక అడ్డగీత, దాని పక్కన ఫైలు పేరు, ఆ పక్కన రేటు ఇచ్చి, తర్వాత హియర్‌డాక్ మొదలుపెట్టండి. లోపల సిస్ డాట్ ఆర్గ్‌వీ (కమాండు పక్కన ఇచ్చిన వాటి జాబితా) లో 1 ఫైలు, 2 రేటు. కాలమ్స్ విడగొట్టడం పైథాన్‌కూ వచ్చు కదా, నిజానికి ఇక్కడ ఆక్ అవసరమే లేదు.

ఇక ఆ డాలర్ అలవాటు మానుకోండి. ఇవాళ రేటు కాబట్టి సరిపోయింది, రేపు రైతు పేరు అలాగే తెస్తే, అందులో ఒక్క కోట్ గుర్తున్నా పైథాన్ కోడు విరిగిపోతుంది. హియర్‌డాక్ మొదట్లో ఈవోఎఫ్ అనే మాటకు సింగిల్ కోట్స్ వేస్తే, లోపలి కోడులో డాలర్ గుర్తుతో సహా దేన్నీ షెల్ ముట్టుకోదు. చివరి ఈవోఎఫ్‌కు మాత్రం కోట్స్ వద్దు, ముందూ వెనకా ఖాళీ కూడా ఉండకూడదు (ఆ కనిపించని ఖాళీ కోసం నేనొకసారి సాయంత్రమంతా వెతికా).

కోడు ఒక స్క్రీన్ దాటితే విడిగా డాట్ పీవై ఫైలులో పెట్టేయండి. హియర్‌డాక్‌లో ఎర్రర్ వస్తే పైథాన్ చెప్పే లైను నంబరు కోడు మొదలైన చోటి నుంచి లెక్క, మీ స్క్రిప్టు నంబరు కాదు.