వలా, జాలకమా?

సందేహం: విమానం రెక్క వెనక అంచున ఉండే ఐలరాన్ కదిలేటప్పుడు గాలి ఎలా పారుతుందో కంప్యూటర్‌తో లెక్కకట్టడం గురించి వ్యాసం రాస్తున్నాను. ఆ లెక్క కోసం గాలి ఉన్న చోటునంతా చిన్న చిన్న గడులుగా విడగొట్టే గ్రిడ్‌ను ‘జాలకం’ అన్నాను, మిత్రుడు ‘వల’ చాలన్నాడు. ఒకదాని మీద ఒకటి పరిచే ఓవర్‌సెట్ గ్రిడ్‌కు ‘అధ్యారోపిత జాలకం’ సరేనా? – ఒక పాఠకుడు

సమాధానం: మీ మిత్రుడిదే నా దారి. వల మన సొంత మాట. తమిళంలో వలై, మలయాళంలో వల, కన్నడంలో వకారం బకారమై బలె. జాలం సంస్కృతం. తమాషా ఏమిటంటే, జాలరి జాలం నుంచి వచ్చాడు, చేతిలోది మాత్రం వల. మనిషి సంస్కృతం, పనిముట్టు తెలుగు!

వలకు కళ్లుంటాయి. గ్రిడ్‌లోని గడిని, అంటే సెల్‌ను, ‘కన్ను’ అంటే ఏం పోయింది? రెక్కను ఆనుకుని చిన్న కన్ను, దూరం పోయేకొద్దీ పెద్ద కన్ను. ఒక్క వలే పరిచి ఐలరాన్‌ను బాగా వంచితే కళ్లు మెలిపడి లెక్క చెడుతుంది. అందుకని ఐలరాన్‌కు దాని వల దానికే తొడుగుతారు. అది ఐలరాన్‌తోపాటే కదులుతుంది, వెనకున్న పెద్దవల కదలదు. రెండూ కలిసేచోట ఒకదాని విలువలు రెండోదానికి అందిస్తారు.

వలతో సహా ఎగరడమనగానే నాకు చిన్నయసూరి నీతిచంద్రికే. చిత్రగ్రీవుడి పావురాలు వలనెత్తుకుపోతాయి, హిరణ్యకుడనే ఎలుక కొరికి విడిపిస్తాడు. ఇక్కడా ఎలుక పనుంది. ఐలరాన్ ఉన్నచోట గాలి ఉండదు కనుక పెద్దవలలో అంతమేర కళ్లు కోసేస్తారు. ఐలరాన్ జరిగితే ఆ కంతా జరగాలి, మళ్లీ కొరకాలి!

1983లో స్టెగర్, డోగర్టీ, బెనెక్ ఈ పద్ధతికి కిమేరా అని పేరుపెట్టారు. సింహం, మేక, పాము అతికిన గ్రీకు పురాణ జంతువది. వాళ్లు కథలోంచి పేరు తెచ్చుకుంటే మనవాళ్లు నిఘంటువు దులిపి ‘అధ్యారోపిత’మంటారు. వేదాంతంలో అధ్యారోపమంటే తాడు మీద పామును ఊహించుకోవడం. లెక్కలు కట్టేవాళ్లకు ఇంతకన్నా అపశకునం ఉందా? వాక్యంలో ‘వల మీద వల’ అనండి. శీర్షికలో జాలకం ఉంటానంటే ఉండనివ్వండి, నేను కొట్టేయను.

విమానాన్ని అదుపుచేసే ఐలరాన్ లాంటి కదిలే భాగాన్ని కంట్రోల్ సర్ఫేస్ అంటారు. దాన్ని ‘నియంత్రణ ఉపరితలం’ చేయడం మాత్రం మానండి బాబూ. ఫ్రెంచిలో ఐలరాన్ అంటే చిన్న రెక్క. మడతబందు మీద తిరిగే తలుపుకూ మనం రెక్కే అంటాం. ఐలరాన్‌కు చిట్టిరెక్క చాలదా?

ఏ వల నుంచీ విలువ అందని బిందువును ఈ లెక్కలు కట్టేవాళ్లు ఆర్ఫన్ అంటారు. అనాథ అనవచ్చు. ‘దిక్కులేని బిందువు’ ఇంకా బాగుంటుందేమో, ఇంకా తేల్చుకోలేదు.