‘విదేశాంగం మనకెందుకు?’ అన్న పరకాల తండ్రికి

ప్రశ్న: మాది పరకాల దగ్గర ఊరు. పత్తి వేస్తాం. మా బామ్మర్ది కువైట్‌లో డ్రైవర్. బిడ్డ హన్మకొండలో బీఏ ఫైనలియర్. ఎంఏలో ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదువుతానంటోంది. ఢిల్లీ వాళ్ల చదువు మనకెందుకు, గ్రూప్-2 కోచింగ్‌లో చేరమంటున్నా. మీరేమంటారు సార్?

జవాబు: అన్నగారూ, విదేశాల సంగతి మన పొలం దాకా ఎలా వస్తుందో ముందు చూడండి. 2025 వానాకాలం గుర్తు చేసుకోండి. సొసైటీ ముందు చెప్పులు లైన్‌లో పెట్టి యూరియా కోసం నిలబడ్డ రోజులవి. రామగుండం ఫ్యాక్టరీ పక్కనే ఉండగా కొరత ఏంటని అందరూ అడిగారు. ఆ ఫ్యాక్టరీ సరిగ్గా నడవకపోవడం ఒక కారణం. ఇంకోటి, దేశానికి కావలసిన యూరియాలో కొంత బయట కొనక తప్పదు. చైనా 2021 నుంచే ఎరువుల ఎగుమతికి కళ్లెం వేసింది. పైగా రామగుండంలో యూరియా తయారయ్యేది సహజవాయువుతో. మనం వాడే గ్యాస్‌లో సగం దాకా దిగుమతే, అందులో పెద్ద వాటా ఖతార్‌ది.

ఇక పత్తి సంగతి. అదే ఏడాది ఆగస్టులో, రష్యా చమురు కొంటున్నామన్న కోపంతో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచింది. అక్కడికి బట్టలు పంపే ఫ్యాక్టరీలు లబోదిబోమన్నాయి. మిల్లులకు దూది చౌకగా దొరకాలని కేంద్రం పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని ముందు సెప్టెంబరు ఆఖరు దాకా, తర్వాత డిసెంబరు ఆఖరు దాకా ఎత్తేసింది. అంటే సరిగ్గా మీ పత్తి వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే కాలం. ఆ 2025-26 సీజన్‌లో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలని కాగితం మీద ఉండింది. కానీ తేమ ఎక్కువుందని మద్దతు ధరకు కొనే కేంద్ర సంస్థ సీసీఐ వాళ్లు వద్దంటే ప్రైవేటు వ్యాపారి చెప్పిందే రేటు. ఇలాంటి నిర్ణయాలు తీసుకునేటప్పుడు పత్తి చేను చూసినవాళ్లు ఆ గదిలో ఎంతమంది ఉంటారా అని నాకు అనుమానం. మీ బిడ్డ అవసరం ఉన్నది అక్కడే.

కువైట్ గురించి మీకు నేను చెప్పేదేముంది? ఏజెంటు 30 వేలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదని రూల్ ఉంది. జగిత్యాల, నిజామాబాద్ వైపు లక్షలు అప్పు చేసి వెళ్లినవాళ్లలో ఆ మాట ఎంతమందికి తెలుసు?

ఢిల్లీ వాళ్ల చదువు అన్నారు. 1980 నుంచి 1984 దాకా విదేశాంగ మంత్రిగా ఉన్న పీవీ నరసింహారావు అప్పుడు మన హన్మకొండ ఎంపీయే. అలాగని ఎంఏ చదివితే రాయబారి అయిపోతుందని నేను ఆశ పెట్టను. రాయబారులు వచ్చే విదేశాంగ సర్వీసు ఐఎఫ్ఎస్‌లో నేరుగా చేరడానికి దారి సివిల్స్ ఒక్కటే, ఏటా తీసుకునేది కొన్ని పదుల మందినే. మెయిన్స్ తెలుగులో రాయొచ్చు, రాయనివ్వండి. కానీ దాని మీదే ఐదారేళ్లు పెట్టడానికి నేను ఒప్పుకోను.

కేంద్ర ఉద్యోగాల పరీక్ష ఎస్ఎస్‌సీ సీజీఎల్ రాస్తే విదేశాంగ శాఖలోనే అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ పోస్టులుంటాయి. డిగ్రీ చాలు. మన పిల్లలు ఎందుకో దీన్ని పట్టించుకోరు. ఎంఏకు ఢిల్లీలోని జేఎన్‌యూ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ చూడండి. రెండింటికీ సీయూఈటీ పీజీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. అయితే ఒట్టి ఎంఏతో ఉద్యోగం కష్టం, పక్కన ఒక భాష ఉండాలి. హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో అరబిక్, జపనీస్, జర్మన్ నేర్పుతారు. నన్నడిగితే అరబిక్ అంటాను. గల్ఫ్ కార్మికుల కేసులు చూసే సంస్థల్లో అరబిక్, తెలుగు రెండూ వచ్చి, చట్టం కూడా కాస్త తెలిసినవాళ్లు చాలా తక్కువ. తనకు జపనీస్ ఇష్టమైతే అదీ మంచిదే. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జపాన్, జర్మనీలకు మనవాళ్లను పంపుతోంది, అలాంటి చోట భాష వచ్చినవాళ్లతో పని ఉంటుంది.

ఎగుమతుల వైపు కూడా ఒకసారి చూడమనండి. గీసుగొండ దగ్గరి కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో కొరియా కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. అలాంటి చోట ఎగుమతి కాగితాలు, కస్టమ్స్ పని తెలిసినవాళ్లు కావాలి. ఢిల్లీ పోకుండా ఇంటి నుంచే వెళ్లి రావొచ్చు, మీ టెన్షనూ తగ్గుతుంది.

గ్రూప్-2 వద్దని నేను అనను. కానీ దాని జనరల్ స్టడీస్ సిలబస్ ఒకసారి తెరిచి చూడండి, అంతర్జాతీయ సంబంధాలు అందులోనూ ఉన్నాయి. సీయూఈటీకి చదువుతూనే గ్రూప్-2 కూడా రాయొచ్చు. కోచింగ్ ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి, సీయూఈటీ ఫలితం వచ్చాక చూద్దాం.