జనరేటర్ ట్రాలీని డీజిల్ పికప్‌తో లాగొచ్చా? గువ్వలచెరువు ఘాట్‌లో ఒకసారి లాగినవాడి జవాబు

మీరు అడిగింది ఇది. అనంతపురంలో పెళ్ళిళ్ళకు, జాతరలకు జనరేటర్ బాడుగకు ఇస్తున్నారు. 62.5 కేవీఏ సెట్టు రెండు చక్రాల ట్రాలీ మీద ఉంది, అంతా కలిపి రెండు టన్నుల దాకా ఉంటుందని మీ అంచనా. ఇన్నాళ్ళూ ట్రాక్టర్ మాట్లాడుకుని లాగిస్తున్నారు. ఇప్పుడు 10–12 లక్షల్లో సొంతంగా డీజిల్ పికప్ కొని దానికే తగిలించాలనుకుంటున్నారు. టెక్సాస్‌లో ఉన్న బావమరిది పంపిన వీడియోలు చూశాక ఈ ఆలోచన వచ్చిందట. ఏ పికప్‌కు లాగుడు ఎక్కువ అన్నది మీ ప్రశ్న.

నాది తాడిపత్రి. పన్నెండేళ్ళుగా బండలు తోలుతున్నా. మొదట జీతానికి, తర్వాత కంతుల మీద కొన్న సొంత బండితో. పికప్ వెనక ట్రాలీ తగిలించింది ఒక్కసారే. మళ్ళీ తగిలించలేదు.

మా చిన్నాయన కొడుకు కడపలో సౌండు, లైటింగు, జనరేటర్ పని చేస్తాడు. కొన్నేళ్ళ కింద రాయచోటిలో ఒక పెళ్ళికి ఒప్పుకున్నాడు. పోయేటప్పుడు ట్రాక్టర్ దొరికింది. పెళ్ళయిన మరునాడు ఆ ట్రాక్టర్ ఆయన పొలం పనుందని రాలేదు. నేను అదే ఊళ్ళో బండలు దించి ఖాళీగా తిరిగి వస్తున్నా. ‘అన్నా, నీ బండికే తగిలిద్దాం. యాభై కిలోమీటర్లే గదా’ అన్నాడు. నేనూ తల ఊపాను. అక్కడే ఒక వెల్డింగ్ షాపులో బండి వెనక అడ్డబద్దకు కొక్కెం అతికించారు, గంట పని. ట్రాలీ ముందు భాగాన్ని ఎత్తి కొక్కేనికి వేసేటప్పుడు మావాడు ఒక్క చేత్తో ఎత్తేశాడు. ‘చూడన్నా, ఎంత తేలికగా ఉందో’ అని మురిసిపోయాడు. ఆ తేలికే కొంప ముంచేదని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

గువ్వలచెరువు దాకా ఏ ఇబ్బందీ లేదు. ఫోర్త్ గేర్‌లో హాయిగా లాగింది. అక్కడ టీ తాగి, ఆ దారిన పోయేవాళ్ళందరి లాగే అర కిలో పాలకోవా కట్టించుకున్నాం. కడప వైపు ఘాట్ దిగడం మొదలయ్యాక కథ మారింది. వెనక ఎవరో భుజం ఆనించి నెడుతున్నట్టు ఉంది. బ్రేకు తొక్కితే బండి వెనక భాగం పక్కకు జారి, మళ్ళీ కుదురుకుంది. అద్దంలో చూస్తే ట్రాలీ కుక్క తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగుతోంది. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి పెడల్ మెత్తబడి లోపలికి పోసాగింది, కాలిన లైనింగ్ వాసన కమ్మేసింది. సెకండ్‌కు దించితే ఇంజను గగ్గోలు పెట్టింది. కొండవైపు మట్టి అంచుకు చక్రాలు రాసి ఎలాగో ఆపాను. మావాడు దూకి రాళ్ళు అడ్డం పెట్టాడు.

ముందు చక్రాల నుంచి పొగ. వాడు నీళ్ళ క్యాన్ తీసుకుని పోయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. అంత వేడి మీద చన్నీళ్ళు పడితే డిస్కు వంకర పోతుంది, పగిలినా పగులుతుంది. ముప్పావు గంట అలాగే కూర్చున్నాం. కోవా పొట్లం డాష్‌బోర్డు మీద ఎండకు నెయ్యి కారుతోంది, ఇద్దరిలో ఒక్కరికీ దాని మీద చెయ్యి పోలేదు. ఒక లారీ డ్రైవర్ స్లో చేసి ‘ఫస్ట్ గేర్ ఏసుకోని దిగు అబ్బీ, బ్రేకును నమ్మాకు’ అని చెప్పి పోయాడు. అలాగే నడక వేగంతో దిగాం. కింద ఆపి చూస్తే కొక్కెం వెల్డింగ్ మూలలో వెంట్రుకంత సందు, సగం వేలు పొడవున.

ఆ రోజు బండికి లాగుడు ఏమాత్రం తక్కువ కాలేదని గమనించండి. తక్కువైంది ఆపుడు. రెండు టన్నుల సరుకు బండి బాడీలో వేసినప్పుడూ ఇదే ఘాట్ దిగాను, ఏమీ కాలేదు. అదే బరువు వెనక వస్తే ఎందుకు అంత గొడవ అని తర్వాత మా మెకానిక్‌ను అడిగాను. బరువు బాడీలో ఉంటే వెనక చక్రాలను నేలకు అదిమి పెడుతుంది, బ్రేకు వేస్తే టైరు రోడ్డును పట్టుకుంటుంది. ట్రాలీలో ఉంటే బండి ఖాళీ, టైరుకు పట్టు లేదు, వెనక నుంచి తోపు మాత్రం పూర్తిగా ఉంటుంది. పైగా చాలా పికప్‌లకు వెనక యాక్సిల్ దగ్గర ఎల్‌ఎస్‌పీవీ అనే వాల్వు ఉంటుందట. బాడీ ఖాళీగా ఉందని కమాన్ కట్టల (ఆకుల స్ప్రింగుల) ఎత్తును బట్టి కనిపెట్టి, చక్రాలు లాక్ కాకుండా వెనక బ్రేకుకు ప్రెజర్ తగ్గించేస్తుంది. అంటే వెనక రెండు టన్నులు వస్తున్నాయని దానికి తెలియనే తెలియదు. మా ట్రాలీకి సొంత బ్రేకు లేదు. మీ ట్రాలీకి కూడా ఉండదనే అనుకుంటున్నా, మన దగ్గర జనరేటర్ ట్రాలీలకు ఎవరు పెట్టిస్తున్నారు?

ఒక్క చేత్తో లేచిన ముందు భాగం సంగతి. రెండు చక్రాల ట్రాలీ బరువులో నూటికి 10 నుంచి 15 వంతులు కొక్కెం మీద పడాలి. రెండు టన్నులైతే 200 నుంచి 300 కిలోలన్న మాట, అది ఒక మనిషి ఒక్క చేత్తో ఎత్తేది కాదు. మావాడి ట్రాలీలో సెట్టును యాక్సిల్‌కు వెనగ్గా బిగించారు, అందుకే ముందు తేలిపోయింది, అందుకే ఊగింది. మీరు ట్రాక్టర్‌తోనే కొనసాగినా సరే, ఇది ఒకసారి చూసుకోండి.

ఇక బావమరిది వీడియోల సంగతి. అవి అబద్ధం కాదు. అమెరికాలో తిరిగే రామ్ పికప్‌లో 6.7 లీటర్ల కమ్మిన్స్ ఇంజను, ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 6.7 లీటర్ల వీ8 డీజిల్, జీఎం బండ్లలో 6.6 లీటర్ల డ్యూరామ్యాక్స్. టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, 1,400 ఎన్‌ఎం (న్యూటన్ మీటర్లు) దాటిన ఇంజన్లు కూడా వాటిలో ఉన్నాయి. మన సరుకు పికప్‌లు చాలావరకు 200 నుంచి 250 మధ్య తిరుగుతాయి. కానీ తేడా అక్కడితో అయిపోలేదు. ఆ ట్రాలీలకు సొంత ఎలక్ట్రిక్ బ్రేకులు ఉంటాయి, డ్రైవర్ పక్కన వాటికి విడిగా కంట్రోలర్ ఉంటుంది, దిగుడులో పట్టుకోవడానికి ఎగ్జాస్ట్ బ్రేకు ఉంటుంది, కొక్కెం నేరుగా ఛాసిస్‌కు బోల్టులతో బిగించి వస్తుంది. వీడియోలో ఇవేవీ కనిపించవు, మిట్ట ఎక్కే పొగరే కనిపిస్తుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే టొయోటా హైలక్స్ చూడండి. మన దగ్గరా అమ్ముతున్నారు, 2.8 లీటర్ల డీజిల్, మాన్యువల్‌కు 420 ఎన్‌ఎం, ఆటోమేటిక్‌కు 500. మీ బడ్జెట్‌కు రెండింతలు దాటే బండి. అదే హైలక్స్‌కు ఆస్ట్రేలియాలో ఇచ్చే లాగుడు రేటింగ్ 3,500 కిలోల దాకా, అదీ ట్రాలీకి బ్రేకు ఉంటేనే. బ్రేకు లేని ట్రాలీ అయితే 750 కిలోలే. హైలక్స్‌కే 750 అంటే, మన బాడుగ పికప్ వెనక రెండు టన్నులు ఏ లెక్కన తగిలించాలి?

మరి ట్రాక్టర్ ఎలా లాగుతోంది అంటారు. ట్రాక్టర్ పుట్టిందే ఈడ్చడానికి. వెనక పెద్ద చక్రాల మీదే దాని బరువులో ఎక్కువ భాగం ఉంటుంది, గేర్లు తక్కువ వేగానికి చేసినవి, 25 కిలోమీటర్ల వేగంలో పోతుంది. ఎద్దు ఈడుస్తుంది, గాడిద మోస్తుంది. మనకు దొరికే పికప్‌లు గాడిద జాతి. తక్కువ చేసి అనడం లేదు, నా ఇల్లు గడిచింది దాని వీపు మీదే.

కాబట్టి నా సలహా: ట్రాలీ మాట వదిలేసి, సెట్టును పికప్ బాడీలోనే బిగించేయండి. దించే పని కూడా లేదు, మండపం పక్కన బండి ఆపి, కేబుల్ లాగి, అక్కడే స్టార్ట్ చేయొచ్చు. కడపలో మావాడు ఇప్పుడు చేస్తున్నది అదే. కింద మందపాటి రబ్బరు షీటు వేసి, ఛాసిస్ అడ్డబద్దలకు అందేలా బోల్టులు బిగించుకోవాలి. బాడీ రేకుకు మాత్రం బిగిస్తే ఆరు నెలల్లో చిల్లులు పెద్దవవుతాయి.

అప్పుడు చూడాల్సింది పేలోడ్, అంటే బండి మీద వేయదగ్గ బరువు. మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్‌లో హెచ్‌డీ 2.0, టాటా యోధా 2.0, రెండూ 2,000 కిలోల పేలోడ్ తరగతి. యోధాకు 2.2 లీటర్ల ఇంజను, 250 ఎన్‌ఎం, కాస్త బలం ఎక్కువ. బొలెరోకు మన జిల్లాల్లో ఏ పల్లె మెకానిక్ అయినా చెయ్యి వేస్తాడు, సామాను దొరకని ఊరు లేదు. అర్ధరాత్రి పెళ్ళి మధ్యలో బండి మొరాయిస్తే ఆ వెసులుబాటు ఎంత ముఖ్యమో మీకు చెప్పక్కర్లేదు. నాకైతే బొలెరో వైపే మొగ్గు. టాటా ఇంట్రా వీ50 కూడా మంచి బండే, కానీ 1,500 కిలోల పేలోడ్, మీ సెట్టుకు సరిపోదు.

ఎందుకు సరిపోదో లెక్క వేద్దాం. సెట్టు కానొపీతో సహా 1,400 కిలోలు అనుకోండి. 100 లీటర్ల డీజిల్ 80 కిలోల పైమాట. కేబుళ్ళు, ప్యానెల్ బోర్డు మరో 150. ఇద్దరు మనుషులు 140. అప్పుడే 1,770 అయింది. 1,700 పేలోడ్ బండి కూడా దాటిపోయింది చూశారా. కంటి అంచనా ఎంత మోసమో బండలు తోలే వాళ్ళను అడగండి. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న తాడిపత్రి బండ ఒక్కటి పాతిక కిలోల దాకా తూగుతుంది. అరవై బండలు నిలబెట్టి పేరిస్తే బాడీ సగం ఖాళీగా కనిపిస్తుంది, కింద కమాన్లు మాత్రం చదునైపోయి ఉంటాయి. కొత్తలో నేను ఆ ఖాళీ చూసి ఇంకో ఇరవై వేసేవాడిని. ఒకే ఏడాదిలో రెండుసార్లు కమాన్ కట్టలు మార్పించాక, కాటా చీటీ చూడకుండా యార్డు దాటడం మానేశాను.

ఓవర్‌లోడ్ పట్టుబడితే మోటారు వాహన చట్టం కింద జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ఆర్‌సీలో ఖాళీ బరువు, మొత్తం బరువు రెండూ రాసి ఉంటాయి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే మీకు వేసుకోవడానికి మిగిలింది తెలుస్తుంది. సేల్స్‌మన్ మాట కంటే ఆ తీసివేత నమ్మకం. కొక్కెం వెల్డింగ్ ఆలోచన ఇంకా ఉంటే, ఆర్‌సీలో లేని మార్పులు బండికి చేయకూడదని అదే చట్టంలో సెక్షన్ 52 ఉంది. ట్రాలీకి కూడా విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట వెతికేది ఇలాంటి వాటికోసమే. లైసెన్స్ గురించి టెన్షన్ అక్కర్లేదు. ఎల్‌ఎంవీ (తేలిక వాహనాల) లైసెన్స్‌తో 7,500 కిలోల లోపు రవాణా వాహనాలు నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ముందు ముందు పెద్ద సెట్టు కొనే ఆలోచన ఉంటే పికప్ వద్దు. పాత టాటా 407 చూడండి. 1986 నుంచి నడుస్తున్న బండి, ఆరు టైర్లు, నిలకడ వేరు. కొత్తది మీ బడ్జెట్ దాటొచ్చు కానీ పాతవి దొరుకుతాయి. పాత బండి చూడటానికి పోతే ఇంజను సౌండు వినేముందు కింద దూరి చూడండి. కమాన్ కట్టల్లో ఒక ఆకు కొత్తగా మెరుస్తూ, మిగతావి తుప్పు పట్టి ఉంటే అది ఓవర్‌లోడ్ తిన్న బండే. ఛాసిస్ మీద వెల్డింగ్ మచ్చ కనిపిస్తే ధర ఎంత తగ్గించినా తిరిగి వచ్చేయండి. బీఎస్6 బండి అయితే డాష్‌బోర్డులో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు వెలిగి ఉందేమో చూడండి. ఊళ్ళోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరిగిన బండ్లకు ఈ తలనొప్పి ఎక్కువ.

కొనేముందు ఒక్క పని చేయండి. సెట్టును ట్రాలీతో కాటా వేయించి, తర్వాత ఖాళీ ట్రాలీని విడిగా వేయించండి. రెండు చీటీల తేడా ఇక్కడ రాయండి. 1,550 లోపు ఉంటే రెండు టన్నుల పికప్ చాలు, ఏ వేరియంట్ అన్నది అప్పుడు మాట్లాడుకుందాం. దాటితే 407కే వెళ్ళండి.