మగ్గుల షాపుకు ప్రైవేట్ లిమిటెడ్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి బీకాం పూర్తిచేశాడు. కరీంనగర్‌లో మగ్గులు, ఫోన్ కవర్ల మీద ఫొటోలు ప్రింట్ చేసి అమ్మే షాపు పెడతానంటున్నాడు. పెడితే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగానే పెట్టు, గౌరవంగా ఉంటుంది అంటున్నాను. మామూలు షాపు మేలా, కంపెనీ మేలా? జీఎస్టీ, ఇన్‌కం ట్యాక్స్ తలచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి సార్. ఊరు మారుతుంది, సరుకు మారుతుంది, అంతే. ట్యాక్సు సంగతి తేలిగ్గానే తేలుతుంది. చిక్కంతా మీరు వాడిన ‘గౌరవం’ అన్న మాట దగ్గరే ఉంది.

తెలంగాణలో ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. యూట్యూబ్‌లో వినే 40 లక్షలు ఆంధ్రలో సరుకు అమ్మేవాళ్లకు, మనకు కాదు. లెక్క అమ్మకాల మీద, లాభం మీద కాదు. ఒక మెలిక ఉంది: నాగపూర్ నుంచి ఆర్డరొచ్చి సరుకు రాష్ట్రం దాటిందా, మొదటి మగ్గుకే రిజిస్ట్రేషన్ కావాలి. తీసుకున్నాక అమ్మకాలు లేకపోయినా నిల్ రిటర్న్ వేయాల్సిందే. ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు.

ఇక కంపెనీ. ఆ మధ్య ఒక కుర్రాడు క్యారీబ్యాగు నిండా కాగితాలు పట్టుకొచ్చాడు. స్నేహితుడితో కలిసి కంపెనీ రిజిస్టర్ చేయించాడు, ఒక్క బిల్లు కొట్టకుండానే వదిలేశాడు. కంపెనీ మాత్రం అతన్ని వదల్లేదు. అమ్మకం సున్నా అయినా ఆడిట్ చేయించాలి, ఏటా రెండు ఫారాలు ఆర్‌ఓసీకి, అంటే కంపెనీల రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. ఆలస్యమైతే ఫారానికి రోజుకు 100. రెండింటికీ ఏడాదికి 73 వేలు! వాళ్ల నాన్న పక్కనే కూర్చుని, ‘డైరెక్టర్’ అని అచ్చేయించిన విజిటింగ్ కార్డుల డబ్బాను బల్ల మీద అటూ ఇటూ జరుపుతున్నాడు. అవి అచ్చేయించింది ఆయనే.

కోపం తెచ్చుకోకండి, మీరూ అదే దారిలో ఉన్నారు. పెళ్లి సంబంధాల్లో చెప్పుకోవడానికి కుర్రాడి నెత్తిన ఆడిట్ పెడతారా? పెట్టుబడి పెట్టేవాళ్లు వాటా అడిగిన రోజున కంపెనీ పెట్టుకోవచ్చు.

సొంత పేరు మీద నడిపితే అమ్మకాలు 2 కోట్ల లోపున్నంత వరకు ఇన్‌కం ట్యాక్సుకు ఒక సులువు పద్ధతి ఉంది. అమ్మకాల్లో 8 శాతం, యూపీఐ, బ్యాంకు ద్వారా వచ్చినదాంట్లో 6 శాతం లాభంగా చూపితే చాలు. అసలు లాభం ఎక్కువుంటే ఎక్కువే చూపాలి. మొత్తం ఆదాయం 12 లక్షల లోపుంటే కొత్త పన్ను విధానంలో పన్నే పడదు. ఈ 8, 6 శాతాల పద్ధతి కంపెనీలకు లేదు. ఇందులో భయపడటానికి ఏముంది చెప్పండి? బీకాం చదివినవాడు, ఒక్క ఆదివారం కూర్చుంటే అర్థమైపోతుంది.

మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, కార్మిక శాఖలో షాపు రిజిస్ట్రేషన్ చేయించండి. చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్‌తో ఉచితం. దానికి ఫీజు అడిగే ఏజెంటుకు రూపాయి ఇవ్వకండి. మీ అబ్బాయి పేరున కరెంట్ అకౌంట్ తెరిపించి, కౌంటర్ మీది స్కానర్‌ను దానికే కలపమనండి. మగ్గుల డబ్బు మీ జీతం ఖాతాలో పడకూడదు.