పెంపుడు కుందేళ్లు: పిల్ల వయసు నుంచి ముసలితనం దాకా మేత, సంరక్షణ (పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుని జవాబులు)

కుందేళ్ల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలను ఈసారి వయసుల క్రమంలో అమర్చి జవాబులిస్తున్నాను. కుందేలు ఆవులా నెమరువేసే జంతువు కాదు. మేతలోని పీచులో ముతక భాగాన్ని త్వరగా బయటికి పంపేసి, మెత్తని భాగాన్ని సీకమ్ అనే పెద్ద పేగుసంచిలో పులియబెట్టుకుని, దాని నుంచి పోషకాలు తీసుకుంటుంది. ఈ ఏర్పాటు సాగాలంటే పేగు రాత్రింబవళ్లు కదులుతూనే ఉండాలి, ఆ కదలికకు ఆధారం ముతక గడ్డి. కింది జవాబుల్లో చాలావరకు ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉన్నాయి.

ప్రశ్న: మా కుందేలు ఈని నాలుగు రోజులైంది, అయిదు పిల్లలున్నాయి. తల్లి పగలంతా గూటి వైపే పోవడం లేదు. పిల్లలు ఆకలితో చనిపోతాయేమోనని భయంగా ఉంది. ఆవుపాలు పట్టవచ్చా?

జవాబు: తల్లి దూరంగా ఉండడం నిర్లక్ష్యం కాదు, కుందేళ్ల స్వభావమే అంత. గూటి దగ్గర ఎక్కువసేపు ఉంటే వేటాడే జంతువులకు పిల్లల జాడ తెలుస్తుంది కనుక, తల్లి రోజుకు ఒకసారి, మహా అయితే రెండుసార్లు, ఎక్కువగా రాత్రివేళ గానీ తెల్లవారుజామున గానీ వచ్చి, మూడు నుంచి అయిదు నిమిషాల్లో పాలిచ్చి వెళ్లిపోతుంది. ఆ పాలు ఆవుపాలకంటే ఎంతో చిక్కనివి, కొవ్వు, మాంసకృత్తులు చాలా ఎక్కువగా ఉన్నవి కాబట్టి ఆ కొద్దిసేపే పిల్లలకు సరిపోతుంది.

పిల్లలకు పాలు అందుతున్నాయో లేదో ఉదయం పూట వాటి పొట్ట చూసి తెలుసుకోవచ్చు. పొట్ట గుండ్రంగా, చర్మం నున్నగా, ఒళ్లు వెచ్చగా ఉండి, పిల్లలు ఒకదానినొకటి ఆనుకుని నిద్రపోతుంటే దిగులు అక్కర్లేదు. పొట్ట లోపలికి పోయి, చర్మం ముడతలు పడి, ఒళ్లు చల్లగా ఉంటే మాత్రం అదే రోజు వైద్యునికి చూపించాలి. ఆవుపాలు పట్టకండి. అవి పోషణకు చాలవు, పైగా పట్టేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మీ చేతి వాసనకు అలవాటుపడిన తల్లి, మీరు పిల్లలను ముట్టుకున్నంత మాత్రాన వాటిని వదిలేయదు కనుక రోజుకొకసారి చూసి, చనిపోయిన పిల్ల ఉంటే తీసివేయండి. పాలిచ్చే తల్లికి మేత, నీళ్లు కొలతలేకుండా ఉంచాలి. మగ కుందేలును మాత్రం వెంటనే వేరుచేయండి, ఎందుకంటే ఈనిన రోజే ఆడ కుందేలు మళ్లీ చూలు కట్టగలదు, దాదాపు 31 రోజులకు ఇంకో ఈత సిద్ధమవుతుంది.

ప్రశ్న: ఆరు వారాల కుందేలు పిల్లను తెచ్చుకున్నాము. కుందేళ్లకు క్యారెట్ ఇష్టమని రోజూ క్యారెట్, క్యాబేజీ పెట్టాము. నాలుగో రోజు నుంచి పలచగా విరేచనమవుతోంది. ఈ వయసు పిల్లకు అసలు ఏమి పెట్టాలి?

జవాబు: ముందుగా, ఇది చదివే వరకు ఆగకుండా ఇప్పటికే పిల్లను వైద్యుని దగ్గరికి తీసుకువెళ్లి ఉంటారని ఆశిస్తున్నాను. ఇంత చిన్న పిల్లకు నీళ్ల విరేచనాలు ఒక్క రోజులోనే ప్రాణం తీయగలవు. ఈ వయసులో కాక్సీడియా అనే పరాన్నజీవి కూడా తరచుగా కనిపిస్తుంది కనుక, పెంటికలను కొద్దిగా శుభ్రమైన డబ్బాలో పట్టుకెళితే పరీక్ష చేసి మందు నిర్ణయించడం సులువవుతుంది.

కుందేలు పిల్ల జీవితంలో అన్నిటికంటే గండమైన కాలం పాలు మానే సమయం. మూడో వారం నుంచి పిల్ల గూటి బయటికి వచ్చి తల్లి తినే గడ్డిని కొరకడం మొదలుపెడుతుంది, పాలు మెల్లగా తగ్గి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య ఆగిపోతాయి. పాలు తాగుతున్నన్నాళ్లూ తల్లిపాల నుంచి కడుపులో ఏర్పడే కొన్ని కొవ్వు ఆమ్లాలు హానికర సూక్ష్మజీవులను అణచివేస్తాయి. ఆ రక్షణ పోయి, కడుపులోని ఆమ్లం పెద్ద కుందేళ్లలో ఉన్నంత తీవ్రతకు చేరుకునే లోపు, కొత్త మేత ఏది వచ్చినా పేగులోని సమతూకం చెదిరిపోతుంది. అందుకే ఎనిమిది వారాలు నిండని పిల్లను తల్లి నుంచి వేరుచేయకూడదు, ఎవరైనా ఇవ్వజూపినా తీసుకోకూడదు. ఈ విషయంలో నాకు మినహాయింపులేమీ కనిపించవు.

పిల్లను తెచ్చుకున్నప్పుడు అంతకుముందు తింటున్న దాణానే కొంత వెంట తెచ్చుకుని, మొదటి వారం అదే పెట్టి, కొత్త దాణాను 7 నుంచి 10 రోజుల మీద కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. మంచి ఎండుగడ్డి రోజంతా ముందుండాలి. పెరిగే ఎముకలకు, కండకు కాల్షియం, మాంసకృత్తులు ఎక్కువగా కావాలి కనుక దాదాపు ఆరు నెలల వరకు లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) ఎండుగడ్డి పెట్టవచ్చు, అయితే దానితో పాటు మామూలు గడ్డిజాతి ఎండుగడ్డి కూడా అలవాటు చేస్తే తరువాతి మార్పు తేలికవుతుంది. పెరిగే పిల్లలకని తయారైన గుళికల దాణాను ఈ వయసులో కొలవనక్కర్లేదు.

పచ్చి ఆకుల విషయంలో వైద్యులందరూ ఒకే మాట చెప్పరు. పుట్టినప్పటి నుంచి తల్లితో పాటు పచ్చిక తిన్న పిల్లకు అవి పడతాయి. ఏమి తిని పెరిగిందో తెలియని పిల్లకు 12 వారాలు నిండేవరకు ఆపమని నేను చెబుతాను. ఆ తరువాత ఒక రకం ఆకును చిటికెడంత పెట్టి, రెండు మూడు రోజులు పెంటికలు చూసి, గట్టిగా ఉంటేనే మరో రకం మొదలుపెట్టాలి. కొత్తిమీర, పుదీనా, క్యారెట్ ఆకులు ఇందుకు అనువైనవి. క్యారెట్ దుంపలో, పండ్లలో చక్కెర ఎక్కువ కనుక పెద్ద కుందేలుకైనా అప్పుడప్పుడు ఒక చిన్న ముక్క చాలు. అన్నం, రొట్టె, బిస్కెట్లు, పాలు ఏ వయసులోనూ వద్దు. ఉల్లి, వెల్లుల్లి, అవకాడో, చాక్లెట్, బంగాళదుంప ఆకులు విషంతో సమానం.

ప్రశ్న: మా కుందేలుకు ఎనిమిది నెలలు. గిన్నె నిండా దాణా పెడుతున్నాము, గడ్డి ముట్టదు. బరువు పెరిగింది, మూత్రం సున్నపు నీళ్లలా తెల్లగా ఉంటోంది. ఇది జబ్బా?

జవాబు: మీ కుందేలు పెద్దదైంది, దాని మేత మాత్రం ఇంకా పిల్లలదే. మనుషుల్లా కాకుండా కుందేలు పేగు మేతలోని కాల్షియాన్ని శరీర అవసరంతో నిమిత్తం లేకుండా పీల్చుకుంటుంది, మిగులును మూత్రంలో వదిలేస్తుంది. అందువల్ల కొంత తెల్లదనం సహజమే. మూత్రం పేస్టులా చిక్కబడినా, కుందేలు ముక్కుతూ చుక్కలు చుక్కలుగా పోస్తున్నా మూత్రాశయంలో సున్నం పేరుకుంటోందని అనుమానించి ఎక్స్‌రే తీయించాలి. కొన్ని ఆకుల రంగు వల్ల మూత్రం నారింజ, ఎరుపు రంగుల్లోకి మారడం కూడా కద్దు. అది ఒకటి రెండు రోజుల్లో పోకపోతే రక్తమేమోనని పరీక్ష చేయించండి.

ఆరు, ఏడు నెలల వయసు నుంచి లూసర్న్‌ను తగ్గిస్తూ, రెండు మూడు వారాల్లో పూర్తిగా తిమోతి వంటి గడ్డిజాతి ఎండుగడ్డికి మారాలి. పెద్ద కుందేలు తినే దానిలో అయిదింట నాలుగు వంతులకు పైగా గడ్డే ఉండాలి. గుళికల దాణా కిలో శరీర బరువుకు రోజుకు 25 గ్రాములు మించనక్కర్లేదు. గింజలు, ఎండుపండ్లు కలిపిన రంగురంగుల దాణా కొనకండి, ఎందుకంటే కుందేలు అందులో తీపి ముక్కలను ఏరుకుని పీచును వదిలేస్తుంది.

గడ్డి ముట్టదంటున్నారు కనుక దాణాను ఒక్కసారిగా ఆపేయకండి. వారానికి కొంత చొప్పున తగ్గిస్తూ, ఎండుగడ్డిని తాజాగా, పరిమళంతో ఉన్నదాన్ని, అది మలవిసర్జన చేసే పెట్టె పక్కనే ఉంచండి. కుందేళ్లకు ఆ పెట్టెలో కూర్చుని మేయడం ఇష్టం. ఎంత తగ్గించినా గడ్డి తినకపోతే అది మొండితనం కాకపోవచ్చు, పళ్లు నొప్పి పెడుతూ ఉండవచ్చు. కుందేలు పళ్లు 28, అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లు వారానికి రెండు, మూడు మిల్లీమీటర్ల దాకా పెరుగుతాయి. గడ్డిని అటూ ఇటూ నమిలినప్పుడే వెనుక పళ్లు సమంగా అరుగుతాయి. అరగకపోతే అంచులు మొనదేలి నాలుకను, బుగ్గను కోస్తాయి, అవి పైకి చూస్తే కనబడవు.

ప్రశ్న: మా కుందేలు తన మలాన్ని తానే తింటోంది. ఎలా మాన్పించాలి?

జవాబు: మాన్పించకండి. గుండ్రని గట్టి పెంటికలు వేరు, ఇవి వేరు. సీకమ్‌లో పులిసిన మెత్తని గుత్తుల్లో బి విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి, వాటిని తిరిగి తినడం ద్వారానే కుందేలు పోషణ పూర్తవుతుంది. అవి తినకుండా నేల మీద, తోక కింద అంటుకుని కనిపిస్తేనే లోపం ఉన్నట్టు: దాణా ఎక్కువైంది, లేదా బరువు వల్లో నొప్పి వల్లో అది వంగలేకపోతోంది.

ప్రశ్న: ఒకే ఈతలో పుట్టిన ఆడ, మగ పిల్లలను కలిపి పెంచుతున్నాము. నాలుగో నెల వచ్చాక మగది ఇల్లంతా మూత్రం చిమ్ముతోంది, రెండూ కొట్టుకుంటున్నాయి. శస్త్రచికిత్స చేయించమంటున్నారు, ప్రమాదం కాదా?

జవాబు: ఈ రోజే వేరుచేయండి. తోబుట్టువులైనా జతకడతాయి, మూడు నెలలు నిండేలోపే విడదీసి ఉండాల్సింది. మీ ఆడ కుందేలు ఇప్పటికే చూలుతో ఉందేమో కూడా పరీక్ష చేయించండి. శస్త్రచికిత్సను నేను గట్టిగా సమర్థిస్తాను, ముఖ్యంగా ఆడ కుందేలుకు. శస్త్రచికిత్స చేయని ఆడ కుందేళ్లలో వయసు పెరిగేకొద్దీ గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. మగవాటికి నాలుగో నెల నుంచి, ఆడవాటికి సుమారు అయిదారు నెలలకు చేయించవచ్చు. మగ కుందేలు శస్త్రచికిత్స తరువాత కూడా నాలుగు నుంచి ఆరు వారాల వరకు పిల్లలను కలిగించగలదు కనుక అప్పటిదాకా కలపకండి.

మత్తు ఇవ్వడంలో కుందేళ్లకు కుక్కలకంటే జాగ్రత్త ఎక్కువ కావాలి, అందుకే కుందేళ్లకు చికిత్స చేసిన అనుభవమున్న వైద్యుణ్ణే ఎంచుకోండి. కుందేలు వాంతి చేసుకోలేదు కనుక ముందు రాత్రి నుంచి పస్తు ఉంచనక్కర్లేదు, ఉంచకూడదు కూడా. ఆసుపత్రికి దానికి అలవాటైన గడ్డిని వెంట తీసుకువెళ్లి, మెలకువ రాగానే ముందు పెట్టించండి.

ప్రశ్న: పోయిన నెల మా రెండేళ్ల కుందేలు సాయంత్రం నుంచి ఏమీ తినలేదు. కడుపు మందగించిందనుకుని రెండు రోజులు ఊరుకున్నాము. వైద్యుడు ఎంతో కష్టం మీద బతికించారు. ఇంకోసారి ఎలా గుర్తించాలి?

జవాబు: పన్నెండు గంటల పాటు తినని, పెంటికలు వేయని కుందేలు అత్యవసర స్థితిలో ఉన్నట్టే లెక్క. నొప్పి, భయం, వేడి, పళ్ల బాధ, పీచు చాలకపోవడం, వీటిలో దేనివల్లనైనా పేగు మందగించవచ్చు. మందగించగానే లోపలి మేత ఎండి గట్టిపడుతుంది, గ్యాసు పట్టి నొప్పి పెరుగుతుంది, నొప్పివల్ల తినడం ఇంకా తగ్గుతుంది. తినకపోవడం కొనసాగితే ఒంట్లోని కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికి వస్తుంది.

కుందేలు తన బాధను దాచుకునే జీవి. అందువల్ల మూలన ముడుచుకుని కూర్చోవడం, కళ్లు సగం మూయడం, పళ్లు గట్టిగా నూరడం, ఇష్టమైన ఆకును వాసన చూసి వదిలేయడం వంటి చిన్న గుర్తులనే పట్టుకోవాలి. వీటికంటే ముందు చెప్పేవి పెంటికలు. రోజూ పెట్టె శుభ్రం చేసేటప్పుడు వాటి పరిమాణం, సంఖ్య చూడడం అలవాటు చేసుకోండి. అవి చిన్నవైనా, వెంట్రుకలతో దండగుచ్చినట్టు వస్తున్నా జాగ్రత్త పడే సమయం వచ్చినట్టే.

వైద్యుని దగ్గరికి వెళ్లేలోపు ఒళ్లు వెచ్చగా ఉంచి, గడ్డి, నీళ్లు దగ్గర పెట్టండి. పొట్ట ఉబ్బి గట్టిగా ఉంటే బలవంతంగా ఏదీ తాగించకండి. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు వేయకండి. నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్ వంటి యాంటీబయాటిక్‌లు కుందేలు పేగులోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణాంతకమవుతాయి. కుక్కల పిడుదులకు, పేలకు వాడే ఫిప్రోనిల్ మందు కూడా కుందేళ్లకు విషమే.

ప్రశ్న: కుందేలును ఎక్కడ, ఎలా ఉంచాలి? స్నానం చేయించాలా?

జవాబు: స్నానం వద్దు. తడిస్తే ఒళ్లు చల్లబడి, బెదిరి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. వైరు నేల పాదాలకు పుండ్లు చేస్తుంది కనుక గట్టి నేల మీద మెత్తని గడ్డి పరచాలి, రోజుకు కొన్ని గంటలైనా పరుగెత్తనివ్వాలి. చలికంటే వేడి ప్రమాదకరం. 30 డిగ్రీల వేడి దగ్గరపడితే నీడ, గాలి, తడిపిన నేల అవసరం. నీళ్లు సీసాలోకంటే బరువైన గిన్నెలో పెడితే ఎక్కువ తాగుతాయి. ఎత్తుకునేటప్పుడు చెవులు పట్టుకోకూడదు, వెనుక కాళ్ల కింద చేయి ఆన్చాలి. గాలిలో తన్నుకుంటే వెన్నెముక విరిగే ప్రమాదముంది.

ప్రశ్న: మా కుందేలుకు తొమ్మిదేళ్లు. సన్నబడుతోంది, వెనుక భాగం ఎప్పుడూ మురికిగా ఉంటోంది. వయసుకు ఇది మామూలేనా?

జవాబు: బాగా చూసుకుంటే కుందేళ్లు 8 నుంచి 12 ఏళ్లు బతుకుతాయి కనుక మీది ముసలిదే, కానీ సన్నబడడాన్ని వయసు మీదికి నెట్టేయకండి. పళ్లు, మూత్రపిండాలు, కీళ్లు పరీక్ష చేయించండి. కీళ్లనొప్పి ఉన్న కుందేలు ఒళ్లు నాక్కుని శుభ్రం చేసుకోలేదు. నొప్పి తగ్గే మందును వైద్యుని సలహాతో వాడితే తినడం, శుభ్రత రెండూ మెరుగుపడవచ్చు. పెట్టె అంచు తక్కువగా, గిన్నెలు అందేంత దగ్గరగా ఉంచండి. బరువు పట్టకపోతే వైద్యుని సలహాతో గుళికల దాణాను కొద్దిగా పెంచవచ్చు, లూసర్న్‌ను కూడా కొంత కలపవచ్చు. వారానికోసారి తూచి రాసిపెట్టండి.

వెనుక భాగం మురికిగా ఉంటే ఈగలు గుడ్లు పెడతాయి, ఒక్క రోజులోనే పురుగులు చర్మాన్ని తొలిచేస్తాయి. ఈగల కాలంలో రోజుకు రెండుసార్లు తోక కింద చూసి, తడి గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టండి. ఒక్క పురుగు కనిపించినా వైద్యుని కోసం మరునాటి దాకా ఆగవద్దు.