పై పొర మిగిలిపోతే తప్పు చేతిదేనా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి ఇంటర్ పాసైంది, ఏడాదిగా ఇంట్లో బ్లౌజులు కుడుతోంది. అచ్యుతాపురం వైపు ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో టెస్ట్‌కి వెళ్తే రెండు పొరలు కలిపి కుట్టమన్నారట. ముడతలు పడ్డాయి, చివర్లో పై పొర మిగిలిపోయింది. తీసుకోలేదు. ఫ్యాషన్ డిజైనింగ్ డిప్లొమాలో చేర్చమంటారా?

జవాబు: ఫీజు ఇప్పుడే కట్టకండమ్మా. డిజైనింగ్ వేరే దారి. మీ అమ్మాయికి తెలియాల్సింది మిషన్ ఫుట్ సంగతి, అంటే సూది దగ్గర గుడ్డను పైనుంచి నొక్కి పట్టే ముక్క సంగతి. ఇంట్లో తొక్కుడు మిషన్ మీద ఫుట్ ఒత్తిడి జోలికి ఎవరూ పోరు. ఫ్యాక్టరీలో జూకీ కంపెనీ మిషన్ నిమిషానికి వేల కుట్లు వేస్తుంది. అక్కడ ఏ కాస్త తేడా ఉన్నా గుడ్డ మీద కనిపించేస్తుంది.

కింది పొరను ప్లేట్‌లోంచి పైకి వచ్చే పళ్ళు లాక్కెళ్తాయి, పై పొరను ఫుట్ నొక్కి పడుతుంది. నొక్కుడు ఎక్కువైతే పై పొర వెనకబడి చివర మిగులుతుంది, పల్చటి గుడ్డ మీద ఫుట్ అచ్చు కూడా పడుతుంది. మరీ తక్కువైతే గుడ్డ జారి కుట్టు పొడుగూ పొట్టీ అవుతుంది, ఒక్కోసారి కుట్టే తప్పుతుంది.

సరిచేసే ముందు స్విచ్ ఆపాలి. పాత క్లచ్ మోటార్ అయితే ఆపాక కూడా కాసేపు తిరుగుతుంది, పెడల్ తొక్కి పూర్తిగా ఆగిందని చూసుకోవాలి. తర్వాత చూడాల్సింది మోకాలి లిఫ్టర్, మోకాలితో నెట్టి ఫుట్‌ని ఎత్తేది. దానికి కొద్దిగా ఖాళీ ఆట లేకపోతే ఫుట్ పూర్తిగా దిగదు, పై దారం టెన్షన్ కూడా వదులై గుడ్డ అడుగున ఉచ్చులు పడతాయి. చాలామంది ఇది చూడకుండా ఒత్తిడి స్క్రూ బిగించేస్తారు. అది సరి అనుకున్నాకే మిషన్ తల మీది నట్ వదులు చేసి ఒత్తిడి స్క్రూ తిప్పాలి. కుడివైపుకి తిప్పితే పెరుగుతుంది, ఎడమకి తగ్గుతుంది. జూకీ డీడీఎల్-8700లో మామూలు గుడ్డకి ఆ స్క్రూ ఎత్తు 29 నుంచి 32 మి.మీ. సగం చుట్టు తిప్పి, ముక్క కుట్టి చూసి, మళ్ళీ తిప్పాలి. చివర్లో నట్ బిగించడం మరవకూడదు.

ఫుట్ ఎత్తు సంగతి వేరు. చేతి లీవర్ ఎత్తితే ఫుట్‌కీ ప్లేట్‌కీ మధ్య సుమారు 5.5 మి.మీ. ఉండాలి. లేకపోతే ఫుట్ కడ్డీని పట్టి ఉంచే స్క్రూ వదులు చేసి ఎత్తు సరిచేస్తారు. అదే స్క్రూ వదులైనప్పుడు ఫుట్ పక్కకి తిరుగుతుంది కాబట్టి, బిగించాక చక్రం చేత్తో తిప్పి సూది ఫుట్ సందు మధ్యలో దిగుతోందో చూడాలి. ఇక్కడ తొందరపడితే సూది విరుగుతుంది.

ఆపరేటర్‌గా చేరితే స్క్రూలు తాను ముట్టుకోకుండా మెకానిక్‌ని పిలవమంటారు. అయినా ఏది చెడిందో చెప్పగలిగే ఆపరేటర్‌కి లైన్‌లో, అంటే ఫ్యాక్టరీ మిషన్ల వరసలో, విలువ ఉంటుంది. లైన్ మెకానిక్ దారి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. అది అబ్బాయిల పని అంటారు గానీ, ఇందులో చూపూ ఓపికా తప్ప బరువు ఏముంది? ఐటీఐలో సూయింగ్ టెక్నాలజీ ఏడాది ట్రేడ్, ఎనిమిదో తరగతి పాసైతే చాలు. కంచరపాలెం ప్రభుత్వ ఐటీఐకి వెళ్ళి ఆ ట్రేడ్ ఉందేమో, ఈసారి సీట్లున్నాయేమో అడగండి.

ఈలోగా మళ్ళీ టెస్ట్‌కి పిలిస్తే, అసలు ముక్క ముట్టుకునే ముందు అదే గుడ్డ తుక్కులో సమానంగా కత్తిరించిన రెండు పట్టీలు అడగమనండి. కలిపి కుట్టాక పై పట్టీ మిగిలితే ‘ఫుట్ ఒత్తిడి తగ్గించాలండీ’ అని సూపర్‌వైజర్‌కి చెప్పి, అప్పుడు మొదలుపెట్టమనండి.